అప్పగింతల దగ్గర ఆగే డిస్కు

పెళ్లి డీవీడీ పాడైతే ముందు పోయేది గౌరీపూజ కాదు. ముహూర్తం డిస్కు పెడితే జీలకర్ర–బెల్లం బాగానే వస్తుంది. మంగళసూత్రధారణ వస్తుంది. తలంబ్రాల దగ్గర బొమ్మ గళ్లు గళ్లుగా చెదరడం మొదలవుతుంది. అప్పగింతలకు వచ్చేసరికి పెళ్లికూతురి తండ్రి మొహం సగంలో నిలిచిపోతుంది. డిస్కు బయటికి తీసి, చొక్కా అంచుతో గుండ్రంగా తుడిచి, మళ్లీ పెడతారు. మళ్లీ అక్కడే ఆగుతుంది.

దీనికి కారణం డిస్కు నిర్మాణంలోనే ఉంది. గ్రామఫోన్ రికార్డు అంచు దగ్గర మొదలై లోపలికి నడుస్తుంది. డీవీడీ అందుకు తిరగబడి ఉంటుంది. సమాచారం మధ్య రంధ్రం పక్కన మొదలై, చుట్టు తర్వాత చుట్టుగా అంచు వైపు సాగుతుంది. వేలిముద్రలు పడేది అంచు మీద. తేమ చొరబడేది అంచు నుంచి. చవక డిస్కు మీద వేగంగా రాస్తే రైటర్ ఎక్కువగా తడబడేదీ అంచు దగ్గరే. అందువల్ల కార్యక్రమం చివర జరిగినవి ముందుగా పోతాయి.

2000 తర్వాతి పదేళ్లలో మన ఊళ్ల ఫొటో స్టూడియోలు వీడియో క్యాసెట్లు వదిలి డీవీడీలకు మారాయి. పెళ్లి, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం, షష్టిపూర్తి, ఏదైనా సరే ఆల్బమ్‌తో పాటు రెండు మూడు డిస్కులు చేతికొచ్చేవి. అంతకుముందు వీహెచ్‌ఎస్‌లో తీసిన పెళ్లి క్యాసెట్లను కూడా చాలామంది ఆ రోజుల్లోనే డీవీడీల్లోకి ఎక్కించి, ఇక భయం లేదనుకున్నారు. ఆ డిస్కులకు ఇప్పుడు పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు నిండుతున్నాయి. ప్లేయర్ ఎప్పుడో పాత సామాన్లవాడికి వెళ్లిపోయింది. కొత్త ల్యాప్‌టాప్‌కు డీవీడీ ట్రే లేదు. బీరువాలో చీరల కింద ఉన్న డిస్కు ఆడుతుందో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇంట్లో డీవీడీలు కాపీ చేద్దామని కూర్చున్నవాళ్లు ఎక్కువగా సినిమాలతో మొదలుపెడతారు. పైన కనిపించేవి అవే కాబట్టి. ఆ వరుస తిరగేయాలి. సినిమా డిస్కు వేల కొద్దీ అచ్చయింది, ఎక్కడో ఒకచోట ఇంకో ప్రతి దొరుకుతుంది. తాతగారు మాట్లాడుతూ కనిపించే ఏకైక వీడియో ఉన్న డిస్కుకు లోకంలో రెండో ప్రతి లేదు. పైగా ఆ రెండు డిస్కుల్లో త్వరగా చెడిపోయే జాతి కూడా అదే.

అచ్చు డిస్కు, రాసిన డిస్కు

చూడడానికి రెండూ ఒకటే. 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం. తిప్పి అడుగు భాగం చూస్తే తేడా తెలుస్తుంది. షాపులో కొన్న సినిమా డిస్కు వెండిలా మెరుస్తుంది. స్టూడియోలో రాసిచ్చిన డిస్కు అడుగున ఊదా రంగు గానీ నీలి ఛాయ గానీ కనిపిస్తుంది. ఆ రంగులోనే కథంతా ఉంది.

సినిమా డిస్కును ఫ్యాక్టరీలో అచ్చు పోస్తారు. పాలికార్బనేట్ ప్లాస్టిక్‌లో సూక్ష్మమైన గుంటలు నొక్కి, మీద అల్యూమినియం పూత వేస్తారు. స్టూడియోవాళ్లు రాసే డీవీడీ–ఆర్‌లో గుంటలు ఉండవు. సేంద్రియ రంగు పొర ఒకటి ఉంటుంది. రైటర్‌లోని లేజర్ ఆ రంగును చుక్కలు చుక్కలుగా మాడుస్తుంది. మాడిన చుక్క, మాడని చోటు, ఈ తేడాయే సమాచారం. వెలుతురు, వేడి, తేమ తగిలితే మాడని చోటు కూడా క్రమంగా మారుతూ వస్తుంది. అప్పుడు రెంటికీ తేడా పోతుంది. ఎండకు రంగు బట్ట వెలిసినట్టే ఇదీను.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో సీడీలు, డీవీడీల సంరక్షణ మీద ఒక మార్గదర్శిని వేసింది. డిస్కులను 4 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య, 20 నుంచి 50 శాతం గాలి తేమలో, నిలువుగా పెట్టి దాచమని అందులో ఉంది. రెంటచింతలలో మే నెల ఎండ, కాకినాడలో శ్రావణ మాసపు తేమ తెలిసినవాళ్లకు ఈ అంకెలు చూస్తే విషయం అర్థమవుతుంది. మన అటకల మీద ఈ కొలత లోపల ఉండే రోజులు ఏడాదిలో చాలా తక్కువ. అక్కడ ఇరవై ఏళ్లు గడిపిన డిస్కు ఇంకా ఆడుతోందంటే దాన్ని వెంటనే కాపీ చేయడానికి అంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

అదే మార్గదర్శిని డిస్కు మీద స్టిక్కర్లు అంటించవద్దంటుంది. మన పెళ్లి డిస్కుల మీద పూలదండలతో వధూవరుల ఫొటో స్టిక్కరు లేనిది అరుదు. అది బరువు ఒకవైపు లాగుతుంది, జిగురు ఎండేకొద్దీ ముడుచుకుని డిస్కును వంచుతుంది. అలాగని ఇప్పుడు పీకడం ఇంకా ప్రమాదం. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించినది, సమాచారం వాటి నడుమ ఉంటుంది. స్టిక్కరు లాగితే పలకల అతుకు విడవచ్చు. సీడీ, వీసీడీల సంగతి మరీ సున్నితం. వాటిలో సమాచారపు పొర లేబుల్ వైపున పల్చటి లక్క కిందే ఉంటుంది. స్టిక్కరుతో పాటు మెరిసే పూత ఊడి వచ్చేస్తుంది. ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలి కాపీ తీసుకోవడం మేలు.

అచ్చు డిస్కు చిరంజీవి అని కాదు. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీలో 1988–1993 మధ్య తయారైన సీడీలు కొన్ని కాంస్యం రంగుకు మారి మూగబోయాయి. 2006–2008 మధ్య తయారైన తమ డీవీడీలు కొన్ని ఆడడం లేదని వార్నర్ బ్రదర్స్ 2025లో ఒప్పుకుంది, మార్చి ఇస్తామంది. 2001లో మాడ్రిడ్ శాస్త్రవేత్తలు బెలీజ్ నుంచి వచ్చిన ఒక సీడీలో అల్యూమినియం పొరను తినేస్తూ దారులు చేసుకున్న బూజును మైక్రోస్కోప్ కింద చూశారు. బెలీజ్ కూడా వేడీ తేమా కలిసిన దేశమే.

సినిమా డిస్కులకు మరో ప్రత్యేకత ఉంది. మూడు గంటల సినిమా 4.7 గిగాబైట్ల ఒక పొరలో ఇమడదు కాబట్టి 8.5 గిగాబైట్ల రెండు పొరల డిస్కు వాడతారు. మొదటి పొర మధ్య నుంచి అంచుకు వెళ్తుంది. రెండో పొర అంచు నుంచి మధ్యకు తిరిగొస్తుంది. అంటే కథ సగంలో ఉన్నప్పుడు లేజర్ అంచు దగ్గర ఉంటుంది. పెళ్లి డిస్కు చివర్లో ఆగితే, సినిమా డిస్కు విశ్రాంతికి అటూ ఇటూగా ఆగడానికి కారణం ఇదే.

నిన్నటిదాకా ఆడిందే!

ఈ మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. నిజమే, నిన్నటిదాకా ఆడింది. డిస్కు చెడడం కంటికి తెలియకపోవడానికి మూలం 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ అనే ఇద్దరు అమెరికన్లు రాసిన గణిత పత్రం. సమాచారానికి తోడుగా కొన్ని అదనపు అంకెలు చేర్చి రాస్తే, మధ్యలో కొన్ని పోయినా మిగిలిన వాటి నుంచి పోయినవి తిరిగి లెక్కగట్టవచ్చని వాళ్లు చూపించారు. ప్రతి డీవీడీలోనూ ఆ ఏర్పాటు ఉంది. గీత పడినా, రంగు కొంత వెలిసినా ప్లేయర్ లెక్కలు కట్టి బొమ్మను పూర్తి చేసి చూపిస్తుంది. తప్పులు ఏటికేడు పెరుగుతున్నా తెర మీద తేడా రాదు. సరిదిద్దగల హద్దు దాటిన రోజున మాత్రం ఒక్కసారిగా కూలుతుంది. వీహెచ్‌ఎస్ క్యాసెట్ మెల్లగా మసకబారి ముందే హెచ్చరించేది. డీవీడీకి ఆ గుణం లేదు. ఆడుతోంది కదా తర్వాత చూద్దాం అనడం అందుకే తప్పు. ఆడుతున్నప్పుడే చేయాల్సిన పని ఇది.

పని కష్టమైనది కూడా కాదు. యూఎస్‌బీ తీగతో తగిలించుకునే డీవీడీ డ్రైవ్ ఒకటి, హార్డ్‌డిస్క్ ఒకటి చాలు. స్టూడియో రాసిచ్చిన డిస్కు తెరిస్తే లోపల వీడియో టీఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఒక్కోటి ఒక గిగాబైట్‌కు మించని వీఓబీ ఫైళ్లు ఉంటాయి. ఆ ఫోల్డర్ మొత్తాన్ని అలాగే హార్డ్‌డిస్క్‌లోకి లాగితే చాలు, వీఎల్‌సీ ప్లేయర్ దాన్ని నేరుగా ఆడిస్తుంది. ఇంకా పద్ధతిగా చేయాలనుకుంటే డిస్కు మొత్తాన్నీ ఒకే ఫైలుగా, ఐఎస్ఓ రూపంలో తీసుకోవాలి. మెనూలు, అధ్యాయాలు, సబ్‌టైటిళ్లు ఏవీ పోకుండా డిస్కు ఉన్నదున్నట్టు వస్తుంది. బాగున్న డిస్కుకు పావుగంట పడుతుంది. ఒక పొర డిస్కులు రెండు వందలున్నా మొత్తం 940 గిగాబైట్లు దాటవు. ఒక టెరాబైట్ హార్డ్‌డిస్క్‌లో ఇల్లంతా పడుతుంది.

ఇక్కడ చాలామంది తొందరపడి ఒక పని చేస్తారు. వాట్సాప్‌లో పంపడానికి వీలుగా నేరుగా ఎంపీ4లోకి కుదించి, అదే భద్రమైన కాపీ అనుకుని డిస్కు పారేస్తారు. కుదించిన ప్రతిసారీ బొమ్మలో కొంత పోతుంది. డీవీడీలోని ఎంపెగ్–2 వీడియో అప్పటికే ఒకసారి కుదించినది. ముందు అసలును అసలుగానే దాచాలి. ఆ తర్వాత ఫోన్లలో చూసుకోవడానికి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వేరే చిన్న ఫైలు చేసుకోవచ్చు. అందులో హెచ్.264 ఎంచుకుని, నాణ్యత అంకెను 18 నుంచి 20 మధ్య ఉంచితే కంటికి తేడా తెలియదు. మన దేశపు డిస్కుల్లో బొమ్మ సాధారణంగా 720 అడ్డం, 576 నిలువు చుక్కలుగా ఉంటుంది. దాన్ని హెచ్‌డీ సైజుకు సాగదీస్తే కొత్త వివరం ఏదీ పుట్టదు, ఫైలు మాత్రం ఉబ్బుతుంది. మనుషులు కదిలినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్ల లాంటి గీతలు కనిపిస్తే, అవి పాత టీవీ కోసం సరి వరుసలు, బేసి వరుసలు విడివిడిగా తీయడం వల్ల వచ్చినవి. హ్యాండ్‌బ్రేక్‌లోని డీఇంటర్లేస్ వడపోత వాటిని తీసేస్తుంది.

మొరాయించే డిస్కు దగ్గరే ఓపిక కావాలి. ముందు తుడవడం. మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు సూటిగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే సన్నని గీత ట్రాక్ వెంటే సాగి, వరుసగా ఉన్న సమాచారాన్ని ఒకేసారి కొట్టేస్తుంది. అడ్డంగా పడ్డ గీతను రీడ్, సోలమన్‌ల లెక్క దాటించగలదు. టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా జోలికి వెళ్లకపోవడమే మంచిది.

తుడిచినా ఆడకపోతే డ్రైవ్ మార్చి చూడాలి. ఒక డ్రైవ్ చదవలేని భాగాన్ని మరో కంపెనీ డ్రైవ్ చదివేయడం మామూలే. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ సరిగ్గా ఈ అవసరానికి పనికొస్తుంది. చదవగలిగినంత ముందు చదివి, చదవలేకపోయిన చోట్లను ఒక పట్టికలో రాసి పెట్టుకుంటుంది. రెండో డ్రైవ్‌లో డిస్కు పెట్టినప్పుడు ఆ మిగిలిన చోట్లకే వెళ్తుంది.

ఈ పట్టిక మన పెళ్లిళ్లకు ప్రత్యేకంగా కలిసొచ్చే సంగతి ఒకటుంది. స్టూడియోలు ఆడపెళ్లివారికి ఒక సెట్టు, మగపెళ్లివారికి ఒక సెట్టు ఇచ్చేవి. రెండూ ఒకే ఫైలు నుంచి రాసినవైతే ఏ చుక్క ఎక్కడుందో అచ్చంగా ఒకటే. అమ్మాయి ఇంటి డిస్కులో చదవలేకపోయిన భాగాన్ని వియ్యాలవారి డిస్కు నుంచి అదే ప్రోగ్రామ్‌తో పూరించవచ్చు. వేర్వేరు బీరువాల్లో, వేర్వేరు ఊళ్ల వాతావరణంలో ఉన్న రెండు డిస్కులు ఒకే చోట చెడి ఉండే అవకాశం తక్కువ. రెండో డిస్కు కనపడక ఏళ్లుగా వెతుకుతున్నవాళ్లు కూడా ముందుగా ఫోన్ చేయాల్సింది వియ్యాలవారికే.

చేతి కెమెరాల్లో వాడిన 8 సెంటీమీటర్ల చిన్న డిస్కులది మరో రకం ఇబ్బంది. షూటింగ్ అయ్యాక కెమెరాలో ఫైనలైజ్ నొక్కకపోతే మిగతా డ్రైవ్‌లకు ఆ డిస్కు ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీది అనుకుని పారేయకూడదు. ఆ కెమెరా ఇంకా పనిచేస్తుంటే అందులోనే పెట్టి ఫైనలైజ్ చేయాలి. కెమెరా లేకపోతే ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్ లోపలున్నది చదివి చూపగలదు.

సినిమాల అర

పెళ్లిళ్లు, పేరంటాలు అయ్యాక సినిమాల వంతు. తెలుగు ఇళ్లలో సినిమా డిస్కులు అంతగా పేరుకుపోవడానికి ఒక వ్యాపార కథ ఉంది. ఖాళీ సీడీలు, డీవీడీలు చేసే మోసర్ బేర్ కంపెనీ 2007 ప్రాంతంలో సినిమాల హక్కులు కొని, వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మింది. పైరసీ డిస్కు ధరకు అసలు డిస్కు దొరికింది. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. అమెరికాలో 1998 నుంచి పోస్టులో డీవీడీలు పంపిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరు 29న ఆఖరి డిస్కు పంపి ఆ సేవ ఆపేసింది.

అన్నీ ఓటీటీలో ఉన్నాయి కదా అన్న ధీమా పూర్తిగా నిలవదు. హక్కుల గడువు తీరితే సినిమా మాయమవుతుంది. పాటలు కత్తిరించిన ప్రింట్లు, నాలుగువైపులా కోసి తెరకు సరిపెట్టిన ప్రింట్లు తిరుగుతుంటాయి. 1957 నాటి మాయాబజార్‌కు 2010లో రంగులద్దారు. నలుపు తెలుపుల్లో చూడాలనుకునేవారికి పాత డిస్కు విలువ తెలుసు. విదేశాల్లో పెరిగిన పిల్లలు తాతయ్య ఇష్టపడే సినిమాను ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో చూసింది డీవీడీల పుణ్యమే. డీవీడీలో సబ్‌టైటిళ్లు అక్షరాలుగా ఉండవు, బొమ్మలుగా ఉంటాయి. కాపీ చేసేటప్పుడు ఎంచుకోకపోతే మిగిలిపోతాయి.

పోయిన సినిమా ఎలా పోతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1932లో వచ్చిన మన తొలి టాకీ భక్త ప్రహ్లాద ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. మన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుణేలో పుట్టింది 1964లో, అంటే అప్పటికి ముప్పై రెండేళ్లు గడిచాక. ఇళ్లలో దాచుకున్నవి సంస్థలు దాచలేనివాటిని కాపాడిన ఉదాహరణలు ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే ఆమె 1970ల చివరి నుంచి 2012లో చనిపోయేదాకా టీవీ వార్తలను ఇంట్లో రికార్డు చేస్తూ పోయారు. దాదాపు 70 వేల క్యాసెట్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. మన ఇళ్లలో అవధానం, హరికథ, కూచిపూడి ప్రదర్శన, ఊరి నాటక పోటీ ఉన్న డిస్కులను సినిమాల కన్నా ముందు వరుసలో పెట్టాల్సింది అందుకే. వాటికి ఓటీటీ లేదు.

చట్టం మాటేమిటి? ఇంటి వేడుకల డిస్కులకు ఏ అడ్డూ లేదు. చాలా సినిమా డిస్కులకు మాత్రం సీఎస్ఎస్ అనే తాళం ఉంటుంది. 1999లో నార్వే కుర్రాడు జాన్ లెక్ జోహాన్సెన్ దాన్ని విప్పే ప్రోగ్రామ్ బయటపెట్టాడు. కేసు పెట్టినా 2003లో రెండు కోర్టులూ అతన్ని నిర్దోషిగా వదిలేశాయి. అమెరికాలో 1998 నాటి చట్టం తాళం తీయడాన్నే నిషేధించింది. బ్రిటన్ 2014లో సొంత కాపీకి అనుమతిచ్చింది, మరుసటి ఏడాది హైకోర్టు దాన్ని కొట్టేసింది. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అదే చట్టంలోని 52వ సెక్షన్ వ్యక్తిగత వాడకానికి న్యాయమైన మేరకు వీలిస్తుంది. కొన్న డిస్కుకు ఇంట్లో ఒక ప్రతి దాచుకోవడం ఒకటి, దాన్ని టెలిగ్రామ్‌లో పదిమందికి పంచడం మరొకటి.

ఎక్కడ దాచాలి?

హార్డ్‌డిస్క్ కూడా పోతుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క సులువుగా గుర్తుంటుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. మన కుటుంబాలకు వేరే చోటు వెతుక్కోనక్కర్లేదు. అన్నయ్య హైదరాబాద్‌లో, చెల్లెలు డల్లాస్‌లో ఉంటే హార్డ్‌డిస్క్‌లు రెండు కొని చెరొకటి ఉంచుకోవాలి. వీలైతే క్లౌడ్‌లో మరో ప్రతి. పెన్‌డ్రైవ్ మీద ఆధారపడకూడదు. అందులో సమాచారం విద్యుదావేశంగా ఉంటుంది, ఏళ్ల తరబడి వాడకుండా పెడితే అది కారిపోతుంది. ఏడాదికోసారి హార్డ్‌డిస్క్ తగిలించి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి.

ఫైళ్ల పేర్లు కూడా ముఖ్యం. ‘డిస్క్ 1’ అని పెడితే పదేళ్ల తర్వాత ఎవరికీ ఏమీ తెలియదు. సంవత్సరం, ఊరు, ఎవరి వేడుక, ఎన్నో డిస్కు అన్నవి పేరులోనే ఉండాలి. పక్కనే ఒక చిన్న ఫైలులో కనిపించే మనుషుల పేర్లు, వరసలు రాసి పెట్టాలి. మధుపర్కాలు అందిస్తున్న ఆ పెద్దాయన ఎవరో చెప్పగలిగేది అమ్మమ్మ ఒక్కతే అయి ఉంటుంది. సంక్రాంతికి అందరూ చేరినప్పుడు వీడియో పెట్టి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంటే ఆ జాబితా ఒక మధ్యాహ్నంలో పూర్తవుతుంది.

డిస్కులున్న పెట్టె అడుగున వీహెచ్‌ఎస్ క్యాసెట్ గానీ, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన మినీడీవీ క్యాసెట్ గానీ కనిపిస్తే వాటిని పారేయకూడదు. ఆ డీవీడీ తయారైంది వాటి నుంచే. మినీడీవీలో సెకనుకు 25 మెగాబిట్ల వీడియో ఉంటుంది, రెండు గంటల డీవీడీలో ఉండేది సుమారు 5. డిస్కు పూర్తిగా పోయినా క్యాసెట్ నుంచి మళ్లీ తీయవచ్చు, అదీ డిస్కులో ఉన్నదానికన్నా మెరుగ్గా. అయితే వీసీఆర్‌లు తయారు చేసిన ఆఖరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. మినీడీవీ కెమెరాను కంప్యూటర్‌కు కలిపే ఫైర్‌వైర్ సాకెట్ కొత్త యంత్రాల్లో రావడం లేదు. పనిచేసే వీసీఆర్, పాత క్యామ్‌కార్డర్ ఇంకా ఉంచుకున్న స్టూడియో ఊళ్లో ఎక్కడుందో ముందు కనుక్కోవాలి. డీవీడీల పని నడుస్తుండగానే క్యాసెట్లు అక్కడికి చేరాలి.